ఏం లేని కాడ నొక్కాలె

ఆ రోజు మా ఆఫీసుకు చాయ్ పదీ నలభై రెండుకు వచ్చింది. ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం ఉంది. చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకునేసరికి ఎదురుగా కొత్త కంప్యూటర్ తెర మీద ఆ అంకెలు అరచెయ్యంత ఉన్నాయి. వాటి వెనుక నీళ్లూ కొండలూ ఉన్న ఒక ఫొటో. అంతకుమించి తెర మీద ఏమీ లేదు. మేం నలుగురం నిలబడి చాయ్ తాగుతూ చూశాం. చూస్తుండగానే నలభై రెండు పోయి నలభై మూడు అయింది.

"టైమైతే కరెక్టే చూపెడ్తాంది," అన్నారు డీఈ సారు తన చేతి గడియారం చూసుకుని.

మాది చెరువుల మరమ్మతులు చూసే సబ్ డివిజన్ ఆఫీసు. నకిరేకల్ నుంచి బస్సులో అరగంట. రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు అది. చెరువుల పనులు ఎక్కువై, అంచనాలూ ఉత్తరాలూ అన్నీ కంప్యూటర్‌లోనే పంపాలని పైనుంచి హుకుం వచ్చింది. నేను అక్కడ సూపరింటెండెంటును. మిగతా ముగ్గురిలో ఒకరు ఇంజనీరైన డీఈ సారు, ఒకరు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ అటెండరు, ఒకరు కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు, ఆడమనిషి. పేర్లు రాయను. ఇందులో ఉన్నవాళ్లందరూ బతికే ఉన్నారు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడి పేరు కాగితం మీద పెట్టడం నాకు ఇంకా చేతకావడం లేదు.

డీఈ సారు తెర మీదికి వంగారు.

"గీ చెర్వు ఏడిదయ్యా? కట్ట లేదు, తూము లేదు. నీళ్లెట్ల నిలవడ్డయి?"

"బయటి దేశందేమో సార్."

"బయటి దేశమైతే కట్ట అక్కెర్లేదా?"

మౌసూ కీబోర్డూ ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. సప్లయి చేసిన కంపెనీ మనిషి మధ్యాహ్నం వచ్చి బిగిస్తానన్నాడు. వేలితో తాకినా పనిచేసే తెర అని చెప్పి పోయాడు కానీ ఎక్కడ తాకాలో చెప్పలేదు. డీఈ సారు అంకెల మీద రెండుసార్లు పొడిచి చూశారు. ఏమీ కాలేదు. అటెండరు గ్లాసులు తీస్తుంటే తెర మీద చాయ్ చుక్క పడింది. అతను భుజం మీది గుడ్డ తీసి కింది నుంచి పైకి ఒక్క తుడుపు తుడిచాడు. గడియారం, కొండలు, కట్ట లేని చెరువు అన్నీ పైకి లేచిపోయాయి. వెనుక నుంచి పాస్‌వర్డ్ అడిగే గడి వచ్చింది.

అటెండరు రెండు చేతులూ పైకెత్తాడు. "నేనేం జెయ్యలే సార్. ఉత్తగ తుడిచిన."

ఆ రోజు నుంచి తాళం తీయడం, ఫ్యాన్లు వేయడం, కంప్యూటర్ తుడవడం అటెండరు పని అయింది. చాలా వారాలు అది గుడ్డతోనే తెరుచుకుంటుందని మేం నిజంగా నమ్మాం. ఒకరోజు అతను సెలవు పెడితే డీఈ సారు తన రుమాలుతో ప్రయత్నించి, తెరుచుకుంటే పొద్దంతా సంతోషంగా ఉన్నారు.

లోపల రంగురంగుల గళ్లు. ఒక గడిలో ఎవరిదో బయటి ఊరి వాతావరణం, అక్కడెప్పుడూ మంచే. ఒక గడిలో ఎన్నడూ అడగని వార్తలు. "పోచంపల్లి దుప్పటి పరిచినట్టుంది," అన్నాడు అటెండరు. మేం వెతుకుతున్నది మాత్రం ఎక్కడా లేదు.

ఆ కొత్త కంప్యూటర్‌లో వేసిన సిస్టమ్‌ను తర్వాత అందరూ వెక్కిరించారు. ఇప్పుడు ఉద్యోగంలో చేరుతున్న మీలో చాలామంది దాన్ని చూసి కూడా ఉండరు. అందుకని న్యాయంగా చెప్పాలి. పాత కంప్యూటర్ మీట వేసి హాజరు పట్టీలో సంతకం చేసి, కిటికీలు తెరిచి, ఎవరి యోగక్షేమాలో కనుక్కుని వచ్చినా ఇంకా లేస్తూనే ఉండేది. కొత్తది కుర్చీలో కూర్చునేలోపు సిద్ధం. మధ్యలో బిగుసుకుపోవడం తక్కువ. ఏది కావాలన్నా పేరులో నాలుగు అక్షరాలు కొడితే ఎదుటికి వచ్చేది. ఇన్ని మంచి గుణాలున్న దానికి లోపం ఒక్కటే. ఎడమవైపు కింది మూలన, కంప్యూటర్ అనేది మేం మొదట చూసిన నాటి నుంచి ఉన్న స్టార్ట్ బొత్తాన్ని తీసేశారు. బొత్తాం తీసేసి, దాని పని మాత్రం అక్కడే ఉంచారు.

ఇది మాకు తెలియడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ సాయంత్రం దాన్ని ఎట్లా ఆపాలో తెలియక మెయిన్ స్విచ్ కట్టేసి ఇంటికి పోయాం. నాలుగో రోజు కంపెనీ మనిషికి ఫోన్ చేశాను.

"ఎడమదిక్కు కింది మూలకు పోండి సార్."

"పోయిన. ఏం లేదు."

"ఆఁ, గాడనే నొక్కాలె."

"ఏం లేదంటున్న గదయ్యా."

"ఏం లేని కాడనే నొక్కాలె సార్. నొక్కితే ఉంటది."

నేను ఫోన్ పెట్టేసి జూనియర్ అసిస్టెంటు వైపు చూశాను. ఆమె అప్పటికే తన ముందున్న నోటుబుక్కును మూసేసి, దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది.

ఆ నోటుబుక్కు గురించి చెప్పాలి. ఆమె కూర్చున్న కుర్చీ ఆమె భర్తది. అతనూ నేనూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరాం. పందొమ్మిదేళ్లు ఒకే గదిలో పనిచేశాం. ఒక సోమవారం అతను సెలవు పెట్టాడు, మంగళవారం లేడు. గుండె. నలభై ఆరేళ్లు. కారుణ్య నియామకం కింద ఏడు నెలలకు ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. డిగ్రీ చదివింది కానీ అంతకుముందు కంప్యూటర్ ముట్టలేదు. ఇద్దరు ఆడపిల్లలు బడిలో ఉన్నారు. వాళ్లింటికి పోయినప్పుడు నన్ను అన్నా అని పిలిచే మనిషి, ఉద్యోగంలో చేరిన రోజు నుంచి సార్ అనడం మొదలుపెట్టింది.

మా ఆఫీసులో కంప్యూటర్ మొదట నేర్చుకున్నది అతనే. తాను లేని రోజు పని ఆగకూడదని రెండు వందల పేజీల పొడుగు నోటుబుక్కు కొని, ఒక్కో పని ఎట్లా చేయాలో ఒక్కో పేజీలో రాసి పెట్టాడు. ఉత్తరం కొట్టడం, పట్టిక గీయడం, ప్రింటు తీయడం, అచ్చు సగం తెల్లగా వస్తే ఏం చేయాలి, ఎవరిని తిట్టాలి. లేని రోజు అంటే అతని ఉద్దేశం సెలవు పెట్టిన రోజని. నేను చదివిన పుస్తకాల్లో చనిపోయినవాళ్ల వస్తువులు ఏవేవో చెబుతుంటాయి. ఈ నోటుబుక్కు అట్లాంటిదేమీ చెప్పలేదు. కంప్యూటర్ ఎట్లా వాడాలో చెప్పింది. ప్రతి పేజీలో మొదటి వాక్యం ఒకటే: ముందు స్టార్ట్ నొక్కాలి.

ఆమెకు అదే పాఠ్యపుస్తకం. ఉద్యోగం నిలవాలంటే గడువులోగా కంప్యూటర్ పరీక్ష పాసు కావాలి. రెండుసార్లు తప్పింది. మొదటిసారి టైము చాలక, రెండోసారి చేసిందంతా దాచకుండానే మూసేసి. ఇక మిగిలింది ఒక్కసారి. అది కూడా పోతే కింది పోస్టుకు దింపుతారని డీఈ సారు జిల్లా ఆఫీసులో కనుక్కుని వచ్చారు. కింది పోస్టంటే అటెండరు పోస్టు. ఆ మాట మొదట అటెండరు చెవినే పడింది.

"నా కుర్చీల బిడ్డను కూసోవెడ్తరా?" అన్నాడు. "గది కుర్చీ గూడ గాదు సార్, స్టూలు. ఒక కాలు పొట్టిది."

ఇక్కడ నా మొదటి తప్పు చెప్పాలి. కొత్తది ఇచ్చేటప్పుడు కంపెనీ మనిషి పాత కంప్యూటర్‌ను తీసుకుపోయాడు. తీసుకుపోవడానికి సంతకం పెట్టింది నేను. ఆమె నేర్చుకుంటున్నది దాని మీదే. ఆ నోటుబుక్కు పనికొచ్చేది దానికే. చాయ్ తాగుతూ సంతకం పెట్టాను. కొత్తది వస్తుంటే పాతది ఎందుకని.

ఫోన్ చేసిన మర్నాడు ఆమె ఆఫీసుకు వస్తూనే పర్సులోంచి ఒక అట్ట తీసింది. స్టిక్కర్ బొట్ల అట్ట. ఎర్రవి, మధ్యరకం. ఒకటి ఊడదీసి తెర మీద ఎడమవైపు కింది మూలన అంటించింది. అటెండరు ఏదో అనబోయి ఆగాడు. నేను ఫైలులోకి చూశాను.

"ఇంట్ల ఉన్నయి సార్," అందామె. "నేనైతే పెట్టుకుంట లేను. పారెయ్య బుద్ధి గాలె."

మౌసును బొట్టు దగ్గరికి తీసుకుపోయి నొక్కింది. గళ్ల దుప్పటి వచ్చింది. అక్కడ నాలుగు అక్షరాలు కొట్టింది. ఉత్తరం రాసే పేజీ తెరుచుకుంది. నోటుబుక్కులో పదకొండు మెట్లున్న పని రెండు మెట్లలో అయింది.

"ఆయిన రాసింది తప్పు గాదు సార్. స్టార్ట్ గీడనే ఉన్నది. కనపడ్తలేదు, గంతే."

అట్లా మా కంప్యూటర్‌కు బొట్టు వచ్చింది. తర్వాత కుడివైపు పై మూలన ఆపడానికి ఇంకొకటి. వారం తిరిగేసరికి ఆఫీసు భాష మారిపోయింది. "కింది బొట్టు నొక్కి ఎస్టిమేటు తియ్యి," అనేవారు డీఈ సారు. "సాయంత్రమైంది, మీది మూలకున్న బొట్టు నొక్కి పోదాం," అనేవాడు అటెండరు. నేను మాత్రం ఆమె ముందు ఆ మాటను చిన్నగా అనేవాణ్ని. ఒకరోజు ఆమే అంది.

"సార్, మీరు గట్ల చెవుల చెప్పినట్టు చెప్పకుండ్రి. గట్టిగ అనుండ్రి. కంప్యూటర్‌కు పెట్టింది నేనే గద."

ఒక్కసారి మాత్రం బొట్టు మమ్మల్ని ఇబ్బంది పెట్టింది. ఒకరోజు ఎర్రది ఊడిపోతే ఆమె దాని చోట రాళ్లు పొదిగిన బొట్టు ఒకటి అంటించింది. ఆ పూట నుంచి కంప్యూటర్ తనంతట తాను గళ్లు తెరుస్తూ మూస్తూ ఉంది. ఉత్తరంలో సగం కొట్టేసరికి మంచు కురిసే ఊరు వచ్చేది. రెండు రోజులు ఎవరికీ అర్థం కాలేదు. వైరస్ అన్నాను నేను. "గాలి సోకింది," అన్నాడు అటెండరు. కంపెనీ మనిషి వచ్చి చూసి, ఆ రాయి కొంచెం ఎత్తుగా ఉండడం వల్ల ఎవరో వేలు పెట్టి నొక్కుతూనే ఉన్నట్టు కంప్యూటర్ అనుకుంటోందని తేల్చాడు. సర్వీసు రిపోర్టులో కారణం దగ్గర ఏం రాయాలని నన్ను అడిగాడు. అలంకరణ అని రాయమన్నాను.

పరీక్ష ఇంకా నెల ఉందనగా నేను రెండో తప్పు చేశాను. జిల్లా ఆఫీసులో ఒక పెద్దమనిషికి ఫోన్ చేసి, పరీక్ష కంప్యూటర్లలో ఏ సిస్టమ్ ఉంటుందని అడిగాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చెప్పాడు.

"పాతదే. కాలేజీల కొత్తయి ఏడికెళ్లి వస్తయి?"

నమ్మాను. ఆమె కొత్తదానికి అలవాటుపడి పాతదాన్ని మరిచిపోతుందని భయపడ్డాను. ఆఫీసులో పాతది లేదు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క నెట్ సెంటర్ మూతపడి మొబైల్ దుకాణం అయింది. చివరికి బీరువా మీద చుట్టలుగా పడి ఉన్న పాత చెరువుల నక్షాలు దించాను. ఒకదాని వెనుక పాత కంప్యూటర్ తెరను ఉన్నదున్నట్టు గీశాను. ఎడమవైపు కింది మూలన స్టార్ట్ అని రాసి గడి కట్టాను. అది నొక్కితే వచ్చే జాబితాను ఒక చీటీ మీద, దాంట్లోంచి వచ్చేవాటిని వేరే చీటీల మీద రాసుకున్నాను. అన్నీ నోటుబుక్కు చూసే.

తెర మీది బొట్లు రెండూ తీసేయించాను. "రెండూ కలుపుకోవద్దమ్మా, ఇదే చూడు," అన్నాను.

"కొత్తదాని మీద గూడ జర చూస్కుంట సార్."

"వద్దు. తికమక అవుతుంది."

ఆమె బొట్ల అట్ట పర్సులో వేసుకుంది.

ఆ నెల రోజులూ మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటసేపు నేను కంప్యూటర్‌ను. ఆమె పెన్సిల్‌తో కాగితం మీద నొక్కేది. నేను దానికి తగిన చీటీ వెతికి అక్కడ పెట్టేవాణ్ని. పక్కన, అసలు కంప్యూటర్ టైము చూపిస్తూ ఉండేది.

"సార్, స్టార్ట్ నొక్కిన."

నేను చీటీలు తిరగేస్తున్నాను.

"సార్, హ్యాంగైన్రా?"

"సారుకు షుగర్ గద బిడ్డా," అన్నాడు అటెండరు. "తిన్నంక జర స్లో ఉంటరు."

ఒకరోజు డీఈ సారు లోపలికి వచ్చి మా వెనుక నిలబడ్డారు.

"ఏం చేస్తున్నరయ్యా?"

"కంప్యూటర్ నేర్పిస్తున్నాను సార్."

"కంప్యూటర్ ఆడున్నది గద."

"అది కాదు సార్. ఇది వేరే."

ఆయన కొద్దిసేపు చూసి తానే వేలు పెట్టారు. "ప్రింట్ నొక్కిన. ఏదీ?"

నేను ఒక తెల్ల కాగితం మీద ఆయన హోదా రాసి చేతికిచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"మంచిగున్నది. దీనికి కరెంటు గూడ అక్కెర్లేదు."

ఇది చదివి మీరు నవ్వుతారని తెలుసు. నాకప్పుడు నవ్వు రాలేదు. అతను బతికి ఉంటే ఈ పని అతను చేసేవాడు, నాకంటే వేగంగా చేసేవాడు అనుకునేవాణ్ని. బతికి ఉంటే ఆమెకు ఈ పరీక్షే ఉండేది కాదన్న సంగతి చాలా ఆలస్యంగా తట్టింది.

పరీక్ష నల్లగొండలో ఒక కాలేజీలో. నేను సెలవు పెట్టి ఆమెతో వెళ్లాను. బస్సెక్కే ముందు అటెండరు ఉతికి మడతపెట్టిన తన గుడ్డ తెచ్చి ఆమెకిచ్చాడు.

"పాతదైతే తుడిచే పని లేదు కాకా," అందామె.

"ఉండనీ బిడ్డా. బరువేముంది?"

నేను కాలేజీ బయట మెట్ల మీద కూర్చున్నాను. లోపల జరిగింది ఆమె తర్వాత చెప్పింది.

గదిలో ముప్పై కంప్యూటర్లు. ముప్పై తెరల మీదా అరచెయ్యంత అంకెలు. ఆ నెలలోనే కాలేజీ వాళ్లు కొత్త సిస్టమ్ వేయించారు. ముందు గుడ్డ తీసి కింది నుంచి పైకి తుడిచింది. ఏమీ కాలేదు. అవి తాకితే పనిచేసే తెరలు కావు. ఇంకోసారి తుడిచింది. పర్యవేక్షణకు నిలబడ్డ సారు దగ్గరికొచ్చి, "అమ్మా, పొద్దుగాలనే తుడిపించినం," అన్నాడు. ఆమె కంగారులో చెయ్యి కీబోర్డు మీద వేసింది. గడియారం పైకి లేచిపోయింది.

మిగతావాళ్లు ఇంకా టైము చూస్తున్నారు. వెనుక ఎవరో చెయ్యెత్తి, "సార్, నా దాంట్ల ఉత్త టైమే వస్తాంది," అన్నారు. పర్యవేక్షణ సారు తెర పక్కల తడిమి చూశాడు. ఆయనకూ తెలియదు.

గళ్లు దాటి, పాత కంప్యూటర్‌లో ఉండేలాంటి మామూలు తెర వరకు వచ్చింది కానీ ఆమెకు ఇక ఏమీ గుర్తురాలేదు. నెల రోజులు పెన్సిల్‌తో నొక్కిన గడి అక్కడ లేదు. నా చీటీలు కళ్లముందు తిరుగుతున్నాయి తప్ప ఒక్కటీ పనికొచ్చేది కాదు. నోటుబుక్కు మాత్రం కళ్లు మూసుకున్నా కనిపిస్తోంది. ముందు స్టార్ట్ నొక్కాలి. ఆమె పర్సులోంచి అట్ట తీసి ఒక బొట్టు ఊడదీసి ఎడమవైపు కింది మూలన అంటించింది. దాని దగ్గరికి పోయి నొక్కింది.

పక్క కుర్చీలో పశువుల దవాఖానలో పనిచేసే ఒకతను ఉన్నాడు. అతను ఎట్లాగో గళ్ల వరకు వచ్చి, మామూలు తెరలోకి పోయి అక్కడ ఇరుక్కుపోయాడు.

"ఏడ నొక్కినవక్కా?"

"బొట్టు కాడ."

"నా దాంట్ల బొట్టు లేదు."

ఆమె ఒకటి ఇచ్చింది. అతని పక్కనున్నామె చెయ్యి చాపింది. ఆమెకూ ఇచ్చి, గడియారం పోవాలంటే కీబోర్డు మీద చెయ్యి వెయ్యమంది. అట్టలో ఇంకా ఉన్నాయి. వరుస చివరిదాకా వెళ్లాయి. పర్యవేక్షణ సారు తలెత్తి చూసేసరికి ఒకే వరుసలో తొమ్మిది తెరలకు బొట్లున్నాయి, తొమ్మిదిమందీ టకటకా కొడుతున్నారు, మిగతా గది మొత్తం గళ్ల వైపో గడియారం వైపో చూస్తూ కూర్చుంది.

ఆయన భయపడి ప్రిన్సిపాల్‌ను పిలిచాడు. ఎవరు మొదలుపెట్టారని అడిగితే ఆమె లేచి నిలబడింది. మా ఆఫీసరు బయటే ఉన్నారని చెప్పింది. నన్ను లోపలికి పిలిచారు.

ప్రిన్సిపాల్ పెద్దమనిషి, నెమ్మదస్తుడు. నన్ను తలుపు దగ్గర నిలబెట్టి తగ్గు స్వరంతో అడిగాడు.

"ఏందండీ గిది? పూజనా, కాపీనా? పూజైతే నేనేం అనను. ఎవరి నమ్మకం వాళ్లది. కాపీ అయితే రిపోర్టు రాయాలె."

నేను గదిలోకి చూశాను. ఆమె నా వైపే చూస్తోంది. అవునను అన్నట్టు తల ఊపిందనుకుంటాను. పూజ అంటే అక్కడితో అయిపోయేది. ఆ ఒక్క మాటే కావాలి ఆయనకు. కానీ నాకు ఉద్యోగమంతా ఉన్నది ఉన్నట్టు రాయడమే అలవాటు.

"రెండూ కాదండీ," అన్నాను. "గుర్తు. ఆ చోట ఒక బొత్తాం ఉండేది. ఇప్పుడు కనపడదు, కానీ పనిచేస్తుంది."

"కనపడకుంట పనిజేస్తదా?"

"చేస్తుంది."

"గదే పూజ గదండీ," అన్నాడాయన, నాకు ఇంకో అవకాశం ఇస్తున్నట్టు.

"కాదండీ," అన్నాను.

ఆయన నిట్టూర్చి రిపోర్టు పుస్తకం తెప్పించాడు. పరీక్ష మాత్రం రాయనిచ్చారు. ఒక వరుస అభ్యర్థులు తెరలకు స్టిక్కర్లు అతికించుకున్నారని, సంబంధిత సూపరింటెండెంటు దాన్ని పూజ కాదని చెప్పారని రాసి, నా చేత సంతకం పెట్టించాడు.

తిరుగు బస్సులో ఆమె అటెండరు గుడ్డను మళ్లీ మడతపెట్టి పర్సులో పెట్టుకుంది. కట్టంగూరు దాటాక అంది.

"అన్నా, పూజ అంటే అయిపోతుండె గద."

నా మూడో తప్పు అదేనో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తొమ్మిదిమంది ఫలితాలూ ఆపేశారు. నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో అటెండరు తన స్టూలుకు పొట్టికాలు సరిచేయించాడు. ఎందుకని అడిగితే, "ఎవరు కూసున్నా ఊగొద్దు గద సార్," అన్నాడు. ఆమె విననట్టే పనిచేసుకుంది. ఆ రోజుల్లో నేను ఆమె కళ్లలోకి చూసి మాట్లాడిన గుర్తు లేదు.

తర్వాత పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. కంప్యూటర్ తెరకు బొట్టు అతికించుట వలన అభ్యర్థినికి కలిగిన అనుచిత లబ్ధి ఏమిటో, అట్టి లబ్ధి ప్రశ్నపత్రములోని ఏ ప్రశ్నకు సంబంధించినదో పదిహేను రోజులలోగా వివరించవలెనని. నేను రెండు రోజులు ఆలోచించి అయిదు వాక్యాలు రాశాను.

"ఈ సిస్టమ్‌లో స్టార్ట్ బొత్తామును తొలగించినారు. దాని పని మాత్రము అదే చోట కొనసాగుచున్నది. ఈ ఆఫీసులో పనిచేసి మరణించిన ఉద్యోగి రాసిన సూచనలలో ప్రతి పని ఆ బొత్తాముతోనే మొదలగును. అభ్యర్థిని ఆ చోటును గుర్తించుటకు బొట్టు అతికించినది. బొట్టు ఏ ప్రశ్నకూ సమాధానము చెప్పదు."

డీఈ సారు చదివి, "గింత చిన్నగ రాస్తె నమ్ముతరా?" అన్నారు. లేచి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుని, ఏమీ లేని మూలన మూడుసార్లు నొక్కి చూశారు. మూడుసార్లూ గళ్లు వచ్చాయి. వచ్చి కింద ఒక వాక్యం కలిపారు: "పై విషయమును నేను స్వయముగా పరిశీలించితిని, నిజము." సంతకం పెట్టారు.

ఇరవై రోజులకు ఫలితం వచ్చింది. తొమ్మిదిమందీ పాస్. మిగతా వరుసల సంగతి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అటెండరు ఆ కాగితాన్ని నా చేతిలోంచి లాక్కుని, చదవడం రాకపోయినా కిందిదాకా చూసి, ఆమె బల్ల మీద పెట్టాడు. ఆమె తన నంబరు వెతుక్కుంది. దొరికాక కూడా వేలు దాని మీదే ఉంచింది.

"కాకా, ఇగ నీ స్టూలు నువ్వే ఉంచుకో," అంది.

కొన్ని నెలల తర్వాత కంపెనీ మనిషి వచ్చి ఇంకో కొత్త సిస్టమ్ వేసి పోయాడు. అందులో ఎడమవైపు కింది మూలన స్టార్ట్ బొత్తాం మళ్లీ వచ్చింది.

"మన బొట్టు చూసే పెట్టిండ్రు సార్," అన్నాడు అటెండరు.

అది మనకోసం కాదని, ప్రపంచమంతా తిట్టిపోస్తే పెట్టారని చెప్పబోయాను. అతని ముఖం చూసి ఊరుకున్నాను.

ఆమె నోటుబుక్కు తెరిచి పక్కన పెట్టుకుంది. ముందు స్టార్ట్ నొక్కాలి. నొక్కింది, వచ్చింది. రెండో వాక్యం నుంచి ఒక్కటీ సరిపోలేదు. మిగతాదంతా మారిపోయింది. ఆమె కాసేపు ఆ పేజీ చూసి, పెన్ను తీసి, అతని రాత కింద ఇప్పుడు ఏం చేయాలో రాయడం మొదలుపెట్టింది. ఒక్క అక్షరం కూడా కొట్టివేయలేదు. నేను రిటైరయ్యేనాటికి ఆ పుస్తకంలో ప్రతి పేజీలో రెండు చేతిరాతలు ఉన్నాయి. ప్రమోషన్ మీద మహబూబ్‌నగర్ పోతూ ఆమె దాన్ని బల్ల సొరుగులోనే వదిలిపెట్టింది. తర్వాత వచ్చేవాళ్లకు అవసరం పడుతుందని.

నిరుడు పింఛను కాగితం పని మీద ఆ ఆఫీసుకు వెళ్లాను. కంప్యూటర్లు నాలుగున్నాయి. ఇప్పుడు స్టార్ట్ బొత్తాం మూలన కాక మధ్యలో ఉంది. కుర్చీలో ఉన్న అమ్మాయి ఏదో తెలియక ఫోన్‌లో వీడియో పెట్టుకుని చూస్తోంది, అది చూసి చేస్తోంది. పని అయింది. నోటుబుక్కు సంగతి అడిగాను. ఆమెకు తెలియదు. సొరుగు తెరిచి చూపించింది. చార్జర్లున్నాయి.

ఆ ఆఫీసులో ఇప్పుడు తర్వాత వచ్చేవాళ్ల కోసం ఎవరూ చేత్తో రాసి పెట్టడం లేదు.